పక్క దేశపు సంతకాన్ని ఎంతవరకు నమ్మాలి: సైనిక ఎయిర్‌వర్దినెస్ అథారిటీల పరస్పర గుర్తింపు చేయాల్సిన పద్ధతి

మీ డైరెక్టర్ ఒక పల్చటి ఫైలు తెచ్చి టేబుల్ మీద పెట్టి, "ఫలానా దేశంతో పరస్పర గుర్తింపు కావాలట, ఆరు నెలల్లో తేల్చేయండి" అని వెళ్లిపోయారనుకుందాం. లోపల ఒక ఉత్తరం, ఇద్దరు మంత్రులు చేతులు కలిపిన ఫొటోతో ఒక ప్రెస్ నోట్ తప్ప ఇంకేమీ ఉండవు. పరస్పర గుర్తింపు అంటే, విమానం ఎగరడానికి తగినదని ఒక దేశపు సైనిక అథారిటీ పెట్టిన సంతకాన్ని ఇంకో దేశపు అథారిటీ లెక్కలోకి తీసుకోవడం. ఈ గైడ్ అలాంటి ఫైలు అందుకున్నవాళ్ల కోసం. నేను మొదట హ్యాంగర్లో లాగ్‌బుక్కులు నింపి, తర్వాత అథారిటీ ఆఫీసులో చేరాను. ఈ వ్యవహారంలో ప్రశ్నలు అడిగే వైపూ కూర్చున్నాను, జవాబులు చెప్పుకునే వైపూ కూర్చున్నాను. ఆరు నెలల్లో అవదు. ఆ మాట మొదటి రోజే చెప్పేయండి, తర్వాత చెబితే సాకులా వినిపిస్తుంది.

పౌర విమానయానంలో ఈ తలనొప్పి చాలావరకు లేదు. 1944 షికాగో ఒప్పందం 33వ అధికరణం ప్రకారం, కనీస ప్రమాణాలు పాటించి ఒక దేశం ఇచ్చిన ఎయిర్‌వర్దినెస్ (విమానం ఎగరడానికి తగినదన్న) సర్టిఫికెట్‌ను మిగతా సభ్య దేశాలు చెల్లుబాటుగా ఒప్పుకోవాలి. కానీ అదే ఒప్పందం 3వ అధికరణం సైన్యం, కస్టమ్స్, పోలీసు వాడే విమానాలను పరిధి నుంచి తీసేసింది. కాబట్టి సైనిక విమానం ఎగరడానికి తగినదా కాదా అన్నది పూర్తిగా ఆ దేశం సొంత వ్యవహారం. ఒక సైనిక అథారిటీ పెట్టిన సంతకానికి సరిహద్దు దాటాక, అవతలి అథారిటీ దానికి విలువ ఇస్తానని ముందే రాసిస్తే తప్ప, ఏ బలమూ ఉండదు.

ఆ రాత లేకపోతే ఏమవుతుంది? పక్కవాళ్లు ఏళ్ల తరబడి పరీక్షించి సర్టిఫై చేసిన విమానాన్నే మనమూ కొన్నా, ఆ పరీక్షలన్నీ మొదటి నుంచి మళ్లీ చేయాలి, లేదంటే కళ్లు మూసుకుని వాళ్ల మాట నమ్మాలి. మొదటిదానికి డబ్బూ కాలమూ చాలవు. రెండోదానికి చట్టం ఒప్పుకోదు, ఒప్పుకున్నా నేను ఒప్పుకోను. గుర్తింపు ఈ రెంటికీ మధ్యదారి. ఇక్కడ మీరు తూకం వేస్తున్నది వాళ్ల విమానాన్ని కాదని మొదట్నుంచీ గుర్తుంచుకోండి. వాళ్ల అథారిటీ ఎలా నిర్ణయాలు తీసుకుంటుందో, ఆ నిర్ణయాల మీద మనం ఎంత భారం వేయవచ్చో చూస్తున్నారు.

ముందు ఎందుకో తేల్చుకోండి

ఒక తెల్లకాగితం తీసుకుని ఒకే ప్రశ్నకు జవాబు రాయండి: ఈ గుర్తింపు వచ్చాక మనం ఏ పని చేయడం మానేస్తాం?

"వాళ్ల డిపోలో ఓవర్‌హాల్ అయిన ఇంజిన్‌ను మళ్లీ తనిఖీ చేయకుండా మన విమానానికి బిగిస్తాం" అన్నది ఒక జవాబు. "వాళ్లు మిలిటరీ టైప్ సర్టిఫికెట్ (ఒక మోడల్ డిజైన్‌కు ఇచ్చే ఆమోదం) ఇచ్చిన రవాణా విమానం స్ట్రక్చర్ లెక్కలను మళ్లీ కట్టం" అన్నది ఇంకోటి. "ఉమ్మడి ఆపరేషన్‌లో వాళ్ల బేస్‌లో దిగిన మన విమానానికి వాళ్ల టెక్నీషియన్ సంతకం చేస్తే చాలు" అన్నది మరోటి. ఈ మూడింటికీ చూడాల్సిన చోట్లు వేరు. మొదటిదానికి వాళ్ల మెయింటెనెన్స్ సంస్థల ఆమోదం ఎలా జరుగుతుందో చూడాలి, డిజైన్ విభాగం జోలికి పోనక్కర్లేదు. రెండోదానికి పని అంతా డిజైన్ విభాగంలోనే. మూడోదానికి లైసెన్సులు, శిక్షణ.

ఈ కాగితం మీద ఏమీ రాయలేకపోతే, మానేసే పని ఏదీ లేకపోతే, మీ డైరెక్టర్ దగ్గరికి వెళ్లి ఆ మాటే చెప్పండి. ఫొటో కోసం చేసే గుర్తింపు ఎవరికీ పనికిరాదు. పైగా పదేళ్ల తర్వాత ఎవరో దాన్ని బయటికి తీసి, మనం ఎన్నడూ అనుకోని విషయానికి వాడుకుంటారు.

ఇక్కడ యూరప్ వాళ్ల నంబర్లు బాగా ఉపయోగపడతాయి, మీ దేశం యూరప్‌లో లేకపోయినా. యూరోపియన్ డిఫెన్స్ ఏజెన్సీ 2008లో సైనిక ఎయిర్‌వర్దినెస్ అథారిటీల వేదికగా మావా ఫోరం పెట్టింది. ఆ ఫోరం పౌర నిబంధనల అచ్చులోనే ఈమార్ అనే సైనిక నిబంధనలు తయారు చేసింది. ఈమార్ 21 డిజైన్, తయారీ, సర్టిఫికేషన్‌కు. ఈమార్ ఎం విమానం సేవలో ఉన్నంత కాలం దాని ఎయిర్‌వర్దినెస్ నిర్వహణకు. 145 మెయింటెనెన్స్ సంస్థలకు. 147 శిక్షణ సంస్థలకు. 66 టెక్నీషియన్ల లైసెన్సులకు. ఆస్ట్రేలియా కూడా 2016 నుంచి తన సైనిక విమాన భద్రతా నిబంధనలైన డీఏఎస్ఆర్‌ను వీటి మీదే కట్టుకుంది. మీ జవాబు ఏ నంబరు కిందికి వస్తుందో పక్కన రాసుకోండి. డ్రోన్ల విషయమైతే నాటో ప్రామాణిక ఒప్పందం స్టానాగ్ 4671ను కూడా పక్కన పెట్టుకోండి. అది 150 కిలోల నుంచి 20,000 కిలోల దాకా ఉండే స్థిర రెక్కల మానవరహిత విమానాలకు.

ఒక హెచ్చరిక. ఈమార్‌లు వాటంతట అవి చట్టం కావు. ప్రతి దేశం వాటిని తన జాతీయ నిబంధనల్లోకి తెచ్చుకోవాలి, తెచ్చుకునేటప్పుడు కొన్ని మార్చుకుంటుంది, కొన్ని వదిలేస్తుంది. "మీకూ 145, మాకూ 145, ఇంకేం కావాలి" అని ఎవరైనా అంటే, ఆ రెంటికీ మధ్య తేడాల జాబితా అడగండి. జాబితా లేదంటే మీరే కూర్చుని తయారు చేయండి. విసుగు పుట్టించే పని, కానీ ఈ మొత్తం ప్రక్రియలో అంతకంటే ఉపయోగపడే కాగితం ఇంకోటి నా చేతికి రాలేదు.

అవతల ఎవరున్నారు?

ఉత్తరం ఎవరికి రాయాలన్నదే ఒక్కోసారి పెద్ద చిక్కు. అమెరికాలో సైనిక ఎయిర్‌వర్దినెస్‌కు ఒకే అథారిటీ లేదు; ఎయిర్‌ఫోర్స్, నేవీ, ఆర్మీ మూడింటికీ వేర్వేరుగా ఉన్నాయి. ఎయిర్‌ఫోర్స్ విభాగాన్ని గుర్తించినంత మాత్రాన నేవీ హెలికాప్టర్‌కు అది వర్తించదు. ఫ్రాన్స్‌లో డీఎస్ఏఈ అనే విమానయాన భద్రతా విభాగం అథారిటీ అయితే, టైప్ సర్టిఫికేషన్ సాంకేతిక పని ఆయుధ కొనుగోళ్ల సంస్థ డీజీఏ చూస్తుంది. భారత్‌లో డీఆర్‌డీఓ కింద ఉన్న సెమిలాక్ డిజైన్ వైపు సర్టిఫికేషన్ చూస్తే, నాణ్యత హామీ డీజీఏక్యూఏ చూస్తుంది. ఇలాంటి చోట ఒక్కరితో మాట్లాడి ఫైలు మూసేస్తే సగం వ్యవస్థను చూడనట్టే. జర్మనీలో 2015 నుంచి బుండెస్‌వేర్ విమానయాన కార్యాలయం, బ్రిటన్‌లో 2010 నుంచి మిలిటరీ ఏవియేషన్ అథారిటీ. ఇవి కొంచెం తేలిక, తలుపు ఒకటే కాబట్టి.

బ్రిటన్ అథారిటీ ఎందుకు పుట్టిందో తెలుసుకోవడం ఈ పని చేసేవాళ్లందరికీ అవసరం. 2006 సెప్టెంబరు 2న అఫ్ఘానిస్తాన్‌లోని కాందహార్ దగ్గర బ్రిటన్ వాయుసేన నిఘా విమానం నిమ్రాడ్ ఎక్స్‌వీ230 గాల్లోనే ఇంధనం నింపుకున్న కాసేపటికి మంటలు అంటుకుని కూలింది. 14 మంది చనిపోయారు. కారిన ఇంధనం వేడి గాలి గొట్టాన్ని తాకింది. అంతకుముందే ఆ విమానానికి సేఫ్టీ కేస్ (విమానం సురక్షితమని ఆధారాలతో చూపే పత్రం) తయారైంది, సరిగ్గా ఇలాంటి ప్రమాదాలను పట్టుకోవడానికే. 2009లో చార్లెస్ హాడన్-కేవ్ సమీక్ష బయటపెట్టింది ఏమిటంటే, ఆ సేఫ్టీ కేస్‌లో దాదాపు 40 శాతం ప్రమాద అంశాలను తేల్చకుండా 'ఓపెన్' అని వదిలేశారు, దాదాపు 30 శాతాన్ని వర్గీకరించనే లేదు. ముప్పై ఏళ్లకు పైగా ఎగురుతోంది కదా, బాగానే ఉండి ఉంటుంది అన్న నమ్మకంతో పని కానిచ్చేశారు. ఆ సమీక్ష తర్వాతే, 2010 ఏప్రిల్‌లో, స్వతంత్ర అథారిటీ ఏర్పడింది.

అందుకే అవతలి సంస్థ చార్ట్ చూసేటప్పుడు నేను బాక్సుల పేర్ల కంటే వాటిని కలిపే గీతలు చూస్తాను. విమానం కావాలని ఒత్తిడి చేసేవాళ్లూ, విమానం ఎగరకూడదని చెప్పగలవాళ్లూ ఒకే బాస్‌కు జవాబు చెప్పుకుంటున్నారా? ఆ బాస్ ప్రమోషన్ ఎవరి చేతుల్లో ఉంది? ఇవి మొహమాటం పడకుండా అడగాల్సిన ప్రశ్నలు.

ప్రశ్నావళి నింపడం

యూరప్ పద్ధతిలో గుర్తింపు ప్రక్రియను ఈమాడ్-ఆర్ అనే పత్రం వివరిస్తుంది. దానికి ఒక ప్రామాణిక ప్రశ్నావళి ఉంది, ఎంఏఆర్‌క్యూ అంటారు. చట్టపరమైన ఆధారం ఏమిటి, అథారిటీ నిర్మాణం ఎలా ఉంది, సిబ్బంది ఎవరు, డిజైన్ ఆమోదం ఎలా, సేవలో ఉన్న విమానాల పర్యవేక్షణ ఎలా అని వరసగా అడుగుతుంది. రెండు వైపులా నింపి ఇచ్చిపుచ్చుకోవాలి. యూరప్ బయట ఉన్నా ఈ ప్రశ్నావళినే తీసుకుని మీ అవసరానికి కత్తిరించుకోండి, కొత్తది కనిపెట్టే శ్రమ వద్దు.

నింపే పని ఒక్కరికి అప్పగించవద్దు, అలాగని కమిటీకీ అప్పగించవద్దు. ప్రతి అధ్యాయాన్ని ఆ పని రోజూ చేసే మనిషి చేత రాయించి, మొత్తాన్ని ఒకే చేతితో సరిచేయండి. రాసే తీరు ఎలా ఉండాలో ఒక ఉదాహరణ చూపిస్తాను.

ప్రశ్న ఇది అనుకోండి: సర్టిఫికెట్ మీద సంతకం చేసే అధికారుల సామర్థ్యాన్ని అథారిటీ ఎలా నిర్ధారిస్తుంది?

ఎక్కువగా వచ్చే జవాబు ఇది: "మా అధికారులందరూ తగిన విద్యార్హతలు, సుదీర్ఘ అనుభవం కలిగినవారు. అంతర్జాతీయ ప్రమాణాలకు అనుగుణంగా శిక్షణ పొందినవారు." దీన్ని చదివిన అవతలి మనిషి పక్కన ఎర్ర ఇంకుతో ప్రశ్నార్థకం పెడతాడు, నేనైతే రెండు పెడతాను.

పనికొచ్చే జవాబు ఇలా ఉంటుంది: "సంతకం చేసే అధికారం పోస్టును బట్టి రాదు, వ్యక్తి పేరు మీద వస్తుంది. అథారిటీ అధిపతి ఫలానా ఉత్తర్వు ఫలానా పేరా కింద రాతపూర్వకంగా ఇస్తారు. స్ట్రక్చర్స్‌కు, ఇంజిన్లకు, సాఫ్ట్‌వేర్‌కు అర్హతలు వేర్వేరు. జాబితా అనుబంధంలో ఉంది. రెండేళ్లకోసారి సమీక్షిస్తాం. ప్రస్తుతం సాఫ్ట్‌వేర్ విభాగంలో రెండు పోస్టులు ఖాళీ. ఆ మదింపును బయటి నిపుణులతో చేయిస్తున్నాం, తుది నిర్ణయం, సంతకం మావే. నమూనాగా ఒక అధికార పత్రం జతచేశాం."

ఆ ఖాళీ పోస్టుల వాక్యం చూడగానే మీ పైవాళ్లు "ఇది ఎందుకు రాయడం, పరువు పోతుంది" అంటారు. పట్టుబట్టి ఉంచండి. లోటు లేని అథారిటీ ఎక్కడా లేదు, ఆ సంగతి అవతలివాళ్లకూ తెలుసు. మన లోటు మనకు తెలుసనీ, దానికి ఏదో ఏర్పాటు చేసుకున్నామనీ చూసినప్పుడే వాళ్లకు మిగతా జవాబుల మీద గురి కుదురుతుంది. ఒక అథారిటీ మాకు పంపిన ప్రశ్నావళిలో ఒక్క లోపం కూడా లేదు. అన్నిటికీ "పూర్తిగా పాటిస్తున్నాం" అనే. వాళ్ల దగ్గరికి వెళ్లేసరికి ప్రశ్నావళి నింపినవారు బదిలీ అయిపోయారు, ఆ జవాబులకు ఆధారాలు ఎక్కడున్నాయో అక్కడ ఎవరికీ తెలియదు. ఆ వారం ప్రశ్నావళిని మళ్లీ మొదటి నుంచి నింపడంతోనే సరిపోయింది.

వెళ్లి చూడటం

ఇదే అసలు పని. ప్రెజెంటేషన్లకు ఒక పూట ఇవ్వండి, అంతకు మించి ఇవ్వవద్దు. స్లైడ్లు ఎంత అందంగా ఉన్నా అవి ప్రశ్నావళినే రంగుల్లో చూపిస్తాయి.

ఒక దారం పట్టుకుని చివరిదాకా వెళ్లండి. నేను సాధారణంగా ఒక మధ్యరకం మార్పును ఎంచుకుంటాను: ఉదాహరణకు రవాణా విమానం పైభాగంలో కొత్త శాటిలైట్ యాంటెన్నా బిగించడం. ఎవరి కంటికీ ఆనని మార్పు కాబట్టి ముందుగా ముస్తాబు చేసి ఉంచరు. కానీ అందులో అన్నీ ఉన్నాయి. ఫ్యూజలాజ్ (విమానం మొండెం) చర్మానికి రంధ్రం పెట్టారు, చుట్టూ బలానికి డబ్లర్ ప్లేటు అనే అదనపు రేకు రివెట్ చేశారు, కరెంటు లోడు పెరిగింది, కొత్త రేడియో తరంగాలు పాత పరికరాల మీద పడతాయి, బరువు కొంచెం మారింది.

మొదట దరఖాస్తు చూపించమనండి. దీన్ని మేజర్ మార్పుగా వర్గీకరించారా, మైనరా? ఎవరు వర్గీకరించారు, కారణం రాశారా? తర్వాత స్ట్రక్చర్ లెక్కల రిపోర్టు. దాన్ని అథారిటీ మనిషి ఎవరైనా చదివారా, లేక డిజైన్ సంస్థ సంతకం చూసి సరేనన్నారా? రెండూ తప్పు కాదు, కానీ ఏది జరిగిందో ఫైల్లో కనిపించాలి. తర్వాత ఎలక్ట్రోమాగ్నెటిక్ పరీక్ష. దాన్ని ఏ పరికరాలు ఆన్ చేసి చేశారు? ఆ తర్వాత ఫ్లైట్ మాన్యువల్‌లో వచ్చిన కొత్త పేజీ, మెయింటెనెన్స్ మాన్యువల్‌లో ఆ డబ్లర్ చుట్టూ పగుళ్లు చూడాల్సిన గడువు.

ఇక్కడ లేచి హ్యాంగర్‌కు నడవండి. ఆ టెయిల్ నంబరు విమానం లాగ్‌బుక్ అడగండి. డబ్లర్ తనిఖీ ఆ విమానం షెడ్యూల్లోకి చేరిందా? పని చేసిన కార్డు మీద ఎవరి సంతకం ఉంది, ఆ మనిషికి ఆ సంతకం పెట్టే లైసెన్సు ఉందా? ఆఫీసు ఫైల్లో ఉన్నది హ్యాంగర్ కార్డు దాకా చేరని వ్యవస్థలు నేను చాలా చూశాను. అలాంటి చోట డిజైన్ ఆమోదం ఎంత గట్టిగా ఉన్నా, గాల్లో ఎగిరే విమానానికి దాంతో ఒరిగేదేమీ ఉండదు.

ఇంకో రిజిస్టర్ తప్పక అడగండి: తాత్కాలిక మినహాయింపుల జాబితా. గడువు తీరినవి ఎన్ని ఇంకా తెరిచే ఉన్నాయి? ఒకే మినహాయింపును మళ్లీ మళ్లీ పొడిగిస్తున్నారా? 'తాత్కాలికం' అని రాసి ఉండి ఎప్పటికప్పుడు పొడిగిస్తున్న మినహాయింపు మీద సంతకాలు ఎవరివో చూస్తే, ఆ సంస్థలో నిజంగా ఎవరి మాట చెల్లుతుందో తెలిసిపోతుంది.

ఇక నేను ఎక్కడికి వెళ్లినా తప్పకుండా అడిగే ప్రశ్న ఇది: "మీరు చివరిసారి ఎప్పుడు కాదన్నారు? ఆ ఫైలు చూపించండి." ఒక విమానానికో, ఒక మార్పుకో, ఒక కంపెనీ ఆమోదానికో అథారిటీ 'వద్దు' అన్న ఫైలు. దాన్ని పూర్తిగా చదవండి. ఎవరు ఒత్తిడి తెచ్చారు, వీళ్లు ఏ నిబంధన చూపించి నిలబడ్డారు, తర్వాత ఏమైంది. అలాంటి ఫైలు వెంటనే తెచ్చి పెట్టే అథారిటీ మీద నాకు సగం నమ్మకం అక్కడే కుదురుతుంది. "మా దగ్గర అలాంటి పరిస్థితి ఎప్పుడూ రాలేదు" అంటే, వాళ్లు రబ్బరు స్టాంపు అని వెంటనే తేల్చకండి, చిన్న అథారిటీలకు అది నిజమే కావచ్చు. కానీ అప్పుడు దరఖాస్తు దశలోనే వెనక్కి పంపినవి, షరతులు పెట్టి ఒప్పుకున్నవి అడగండి. అవీ లేకపోతే మీ రిపోర్టులో ఆ విషయం ఒక పేరాగా రాయాలి.

మీరు జవాబు చెప్పే వైపు ఉంటే ఆ 'కాదన్న' ఫైలును ముందే వెతికి పెట్టుకోండి. రహస్యమైన భాగాలు నల్లగా కొట్టేసి అయినా సరే.

రిపోర్టులో ఏం రాయాలి

గుర్తింపు పత్రంలో మీ మొదటి తెల్లకాగితం మీద రాసుకున్నదే ఉండాలి, అంతకు మించి కాదు. ఏ విభాగాలకు, ఏ రకం విమానాలకు, ఏ షరతులతో, ఎంతకాలం. "అన్ని రంగాల్లో పరస్పర విశ్వాసంతో" లాంటి వాక్యాలు దౌత్య విభాగం వాళ్లు చేర్చమంటారు. పీఠికలో పెట్టి సంతోషపెట్టండి, నిబంధనల భాగంలోకి రానివ్వకండి.

గుర్తింపు అయిపోయిందంటే వాళ్ల సర్టిఫికెట్లన్నీ మనకు ఆమోదమైపోయాయని చాలామంది అనుకుంటారు. కాదు. ప్రతి సర్టిఫికెట్‌ను విడిగా తీసుకుని, దాన్ని ఎంతవరకు వాడుకోవచ్చో మన అథారిటీ నిర్ణయించాలి. గుర్తింపు ఆ నిర్ణయాన్ని తేలిక చేస్తుంది, అంతే. ఆస్ట్రేలియా వాళ్లు దీనికి మూడు ప్రశ్నలు వాడతారు: విమానం కాన్ఫిగరేషన్, దాన్ని వాడే పని, ఎగిరే వాతావరణం. వాళ్ల విమానం, మన విమానం ఈ మూడింటిలో ఎక్కడ వేరవుతాయో అక్కడ మాత్రం మన పని మనం చేయాలి. వాళ్లు చలిదేశంలో సరుకు మోయడానికి సర్టిఫై చేసిన హెలికాప్టర్‌ను మనం సముద్రం మీద ఓడ డెక్ నుంచి వాడితే, ఉప్పు గాలి, డెక్ మీద దిగే దెబ్బలు, ఓడ రాడార్ ప్రభావం అన్నీ కొత్త ప్రశ్నలే.

సర్టిఫికేషన్ ప్రమాణాలు పోల్చేటప్పుడు పదాల దగ్గర ఆగిపోవద్దు. అమెరికా సైనిక ఎయిర్‌వర్దినెస్ ప్రమాణాల పుస్తకం మిల్ హ్యాండ్‌బుక్ 516సి, దాన్ని ఆధారం చేసుకుని వచ్చిన యూరప్ ఈమాక్ వల్ల రెండు వైపులా ఒకే అధ్యాయాల క్రమంలో మాట్లాడుకోగలుగుతున్నాం, అది పెద్ద మేలే. కానీ ప్రమాణం ఒకటే అయినా దాన్ని చూపించిన తీరు వేరు కావచ్చు. ఒకరు పరీక్ష చేసి చూపిస్తారు, ఇంకొకరు విశ్లేషణతో చూపిస్తారు, మూడోవారు 'సేవలో ఇన్నేళ్ల అనుభవం' అంటారు. మూడోదాన్ని చూసినప్పుడల్లా నాకు నిమ్రాడ్ గుర్తొస్తుంది. అది చెల్లని ఆధారం అనను. బ్రిటన్ అమెరికా నుంచి తీసుకున్న రివెట్ జాయింట్ నిఘా విమానాల ఎయిర్‌ఫ్రేమ్‌లు 1964లో తయారైనవి. ఇప్పటి పద్ధతిలో ఆనాటి డిజైన్ రుజువులు ఎవరు తెస్తారు? అలాంటి చోట సేవా చరిత్ర వాడక తప్పదు. వాడేటప్పుడు ఎన్ని గంటలు, ఏ పనిలో, ఏ లోపాలు వచ్చాయి అన్న రికార్డు కూడా దగ్గర పెట్టుకోవాలి.

డేటా సంగతి కాంట్రాక్టులో

ఈ భాగాన్ని మీ కొనుగోలు విభాగం వాళ్లకు చదివి వినిపించండి. అవతలి అథారిటీని గుర్తించినంత మాత్రాన వాళ్ల తయారీదారు బీరువా తాళాలు మన చేతికి రావు. అథారిటీల మధ్య ఎంత స్నేహం ఉన్నా, డిజైన్ డేటా కంపెనీది, పైన ఎగుమతి నియంత్రణ చట్టాలు, అమెరికా అయితే ఐటార్ అనే ఆయుధ ఎగుమతి నిబంధనలు.

బ్రిటన్ 1995లో ఎనిమిది చినూక్ మార్క్ 3 హెలికాప్టర్లు ఆర్డర్ చేసింది. 2001లో అవి వచ్చాయి. కాక్‌పిట్ సాఫ్ట్‌వేర్ బ్రిటన్ ఎయిర్‌వర్దినెస్ ప్రమాణాలకు సరిపోతుందని రుజువు చేయడానికి కావాల్సిన సోర్స్ కోడ్, పత్రాలు కాంట్రాక్టులో అడగలేదు. దాంతో సర్టిఫై చేయలేకపోయారు. మబ్బులు లేని రోజున, 500 అడుగుల పైన మాత్రమే ఎగరనిచ్చే స్థితి. హెలికాప్టర్లు ఏళ్ల తరబడి హ్యాంగర్లలో కూర్చున్నాయి, చివరికి ఆ కొత్త కాక్‌పిట్ తీసేసి పాత మోడల్ స్థాయికి మార్చుకుని వాడుకున్నారు. వాటిని తయారుచేసిన దేశం మిత్రదేశమే, చినూక్‌లు ఎప్పట్నుంచో ఎగురుతున్నవే. అడగనిది రాలేదు, అంతే.

జర్మనీది ఇంకో కథ. అమెరికా గ్లోబల్ హాక్ ఆధారంగా తయారైన యూరో హాక్ నిఘా డ్రోన్‌ను 2013 మేలో ఆపేసింది. అప్పటికి ఒక విమానం జర్మనీలో ఎగిరింది కూడా. యూరప్ గగనతలంలో మామూలుగా ఎగరడానికి సర్టిఫై చేయాలంటే ఇంకా 50 నుంచి 60 కోట్ల యూరోలు కావాలని అంచనా వేసి, వద్దనుకున్నారు. ఈ లెక్క మొదటి సంవత్సరం వేసి ఉంటే చాలా డబ్బు మిగిలేది. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అంటే ఇదే.

కాబట్టి కాంట్రాక్టు ముసాయిదా మీ దగ్గరికి రాకుండా సంతకాలకు వెళ్లనివ్వకండి. అందులో ఉండాల్సినవి: సర్టిఫికేషన్ ఆధార పత్రం, దానికి అనుగుణంగా ఉన్నట్టు చూపే రిపోర్టుల జాబితా, వాటిలో మనకు కాపీ వచ్చేవి ఏవి, వాళ్ల ఆఫీసులో కూర్చుని చదువుకోగలిగేవి ఏవి, అసలు చూడలేనివి ఏవి. చూడలేని వాటి విషయంలో వాళ్ల అథారిటీ మనకు ఏం రాసిస్తుంది? గుర్తింపు నిజంగా పనికొచ్చేది ఇక్కడే. "ఆ రిపోర్టు మీకు చూపలేం, కానీ మా మనిషి చదివాడు, ఇదీ ఫలితం, ఇవీ పరిమితులు" అని ఒక అథారిటీ చెబితే, ఆ అథారిటీ ఎలా చదువుతుందో మనం స్వయంగా చూసి ఉన్నాం కాబట్టి ఆ మాట మీద ఆధారపడగలం.

సంతకం అయ్యాక

ఎక్కువ గుర్తింపులు నీరసించిపోయేది ఈ దశలోనే. సంతకాలు చేసినవాళ్లు రిటైర్ అవుతారు, నిబంధనలు కొత్త ఎడిషన్లు వస్తాయి, పత్రం బీరువాలో ఉంటుంది.

రెండు వైపులా ఒక్కో మనిషి పేరు, ఫోన్ నంబరు రాసుకోండి, పోస్టు పేరు చాలదు. ఏవి మారితే ఎన్ని రోజుల్లో చెప్పుకోవాలో జాబితా పెట్టుకోండి: నిబంధనల్లో పెద్ద మార్పు, అథారిటీ నిర్మాణం మారడం, ఒక ఆమోదాన్ని రద్దు చేయడం, భద్రతకు సంబంధించిన లోపం బయటపడటం. ఆఖరిది అన్నిటికంటే ముఖ్యం, దానికి రోజులు కాదు గంటలు పెట్టుకోండి.

2015 మే 9న స్పెయిన్‌లోని సెవిల్ దగ్గర ఏ400ఎం సైనిక రవాణా విమానం కూలినప్పుడు ఇది కళ్లకు కట్టింది. ఆ విమానం టర్కీకి వెళ్లాల్సింది, అది మొదటి పరీక్షా ప్రయాణం. మూడు ఇంజిన్ల కంట్రోల్ సాఫ్ట్‌వేర్‌లో టార్క్ (ఇంజిన్ తిప్పే బలం) కొలతకు కావాల్సిన కాలిబ్రేషన్ డేటా చెరిగిపోయి ఉంది. విమానం లేచాక ఆ ఇంజిన్లు శక్తి కోల్పోయాయి. నలుగురు చనిపోయారు. ఆ రకం విమానానికి యూరప్ పౌర సర్టిఫికెట్ ఉంది, దాని మీద దేశాల సైనిక ఆమోదాలు ఉన్నాయి, పని పంచుకునే ఏర్పాటూ ఉంది. అయినా బ్రిటన్, జర్మనీ, టర్కీ, మలేషియా తమ విమానాలను ఆపేశాయి. ఫ్రాన్స్ అత్యవసర ఆపరేషన్లకు మాత్రం ఎగరనిచ్చింది. ఎవరి విమానం విషయంలో వాళ్లే నిర్ణయం తీసుకున్నారు. అది వ్యవస్థ వైఫల్యం అని కొందరన్నారు. నేను ఒప్పుకోను. గుర్తింపు ఒప్పందంలో ఏ అథారిటీ అయినా తన విమానాన్ని ఆపే హక్కు వదులుకోకూడదు. కాకపోతే ఒకరు ఆపితే, ఎందుకు ఆపారో రెండోవారికి ఆ రోజే తెలియాలి.

పౌర రంగంలో బోయింగ్ 737 మ్యాక్స్ చూశారు కదా. 2018 అక్టోబరు, 2019 మార్చి ప్రమాదాల్లో 346 మంది పోయారు. దశాబ్దాల పరస్పర ఒప్పందం ఉన్నా, ఆ తర్వాత యూరప్ పౌర విమానయాన భద్రతా ఏజెన్సీ అమెరికా పౌర విమానయాన సంస్థ ఎఫ్ఏఏ మాట మీద ఆగకుండా తనే విడిగా పరిశీలించుకుంది. ఎఫ్ఏఏ 2020 నవంబరులో ఎగరనిస్తే, యూరప్ 2021 జనవరిలో తన సొంత షరతులతో ఎగరనిచ్చింది. ఆ ఒప్పందం ఈ రోజుకీ ఉంది. మీ పత్రంలోనూ అలాంటి దారి ఉండాలి: పూర్తిగా రద్దు చేయకుండా, ఫలానా విభాగానికి మాత్రం కొంతకాలం గుర్తింపును పక్కన పెట్టే క్లాజు. అది లేకపోతే చిన్న అనుమానం వచ్చినప్పుడు రెండే దారులుంటాయి, నోరు మూసుకోవడం లేదా దౌత్య గొడవ చేయడం. మొదటిదే ఎప్పుడూ గెలుస్తుంది.

క్లాజు అమలు చేయడం ఎవరి చేతిలో ఉందో కూడా రాయండి. మంత్రి సంతకం కావాలంటే అది ఎప్పటికీ వాడరు. అథారిటీ అధిపతి ఒక ఉత్తరంతో చేయగలగాలి, కారణం ఆ ఉత్తరంలోనే ఉండాలి.

ఏడాదికోసారి కలవండి, వీలైతే ఒకసారి వాళ్ల దగ్గర, ఒకసారి మన దగ్గర. ఆ సమావేశంలో మినహాయింపుల రిజిస్టరు, కాదన్న ఫైళ్లు, ఖాళీ పోస్టుల పరిస్థితి మళ్లీ చూడండి. గుర్తింపు గడువు తీరే తేదీకి ఏడాది ముందే గుర్తుచేసేలా క్యాలెండర్లో రాసుకోండి, ఎందుకంటే పునఃపరిశీలనకు అంత కాలం పడుతుంది. ఆ తేదీ వచ్చేసరికి మీరు ఆ సీట్లో ఉండకపోవచ్చు కాబట్టి, ఫైలు మొదటి పేజీలో మీ తెల్లకాగితాన్ని కుట్టి పెట్టండి: ఏ పని మానేశాం, ఎందుకు మానేశాం, దేన్ని చూసి మానేశాం.